బ్రోచర్‌లో లేని పేజీ



రేడియోలో ఇళ్ల స్థలాల ప్రకటన వినే ఉంటారు. ముందు కోయిల కూస్తుంది. తర్వాత ఒక భార్య, "ఏమండీ, మనకంటూ ఓ సొంతిల్లు ఎప్పుడండీ?" అని అడుగుతుంది. భర్త నవ్వుతాడు. కంపెనీ పేరు నాలుగుసార్లు, ఫోన్ నంబరు రెండుసార్లు వస్తాయి. ఆఖర్న ఇంకో గొంతు, వెనక ఎవరో తరుముతున్నట్టు, "రెరా నంబర్ పి సున్నా రెండు..." అంటూ ఒక్క గుక్కలో ఏదో చదివేసి మాయమైపోతుంది.

ఆ కోయిలని, ఆ భార్యని, ఆ నవ్వుని రాసేది నాలాంటివాళ్లు. ఆఖరి గొంతు చదివింది మాత్రం మా రాత కాదు, చట్టం రాయించింది. ముప్పై సెకన్లలో వినేవాళ్లకి నిజంగా పనికొచ్చే ముక్క అదొక్కటే. దాన్నే మేం ఎవరికీ అందకుండా చదివిస్తాం.

వెంచర్లకు బ్రోచర్లు, హోర్డింగులు, పేపరు ప్రకటనలు రాయడం చాలా ఏళ్లుగా నా జీవనాధారం. ఇవాళ ఆ వృత్తి గురించే మాట్లాడతాను. మావాళ్ల గుట్టు కొంత బయటపడుతుంది. పడనివ్వండి.

మా భాషలో దూరానికి కిలోమీటర్లు ఉండవు, నిమిషాలే ఉంటాయి. "ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు" అని ఒక బ్రోచర్‌లో రాయమన్నారు. ఎవరు కొలిచారని అడిగాను. కంపెనీ డ్రైవరట. ఎప్పుడు కొలిచావయ్యా అంటే, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి, ఓనరు గారిని విమానం ఎక్కించడానికి వెళ్తూ, ఖాళీ ఔటర్ రింగు రోడ్డు మీద. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఆ రోడ్డు వచ్చాక ఏ ఊరైనా ఎయిర్‌పోర్టుకు "నిమిషాల దూరమే" అయింది. డెబ్బై నిమిషాలు కూడా నిమిషాలే కదా మరి.

"శరవేగంగా అభివృద్ధి చెందుతున్న ప్రాంతం" అని రాశామంటే అక్కడికి ఇంకా ఏమీ రాలేదని. "ప్రశాంత వాతావరణం" అంటే ఆ ఊరికి బస్సు లేదని. ఇక బ్రోచర్ మధ్య పేజీలో వేసే మ్యాపు ఉంది చూశారూ, దాని ముందు మా మాటలన్నీ దిగదుడుపే. నడిమధ్యన సూర్యుడిలా మా వెంచరు వెలుగుతుంటుంది. ఎయిర్‌పోర్టు, ఐటీ పార్కు, అంతర్జాతీయ పాఠశాల గ్రహాల్లా దాని చుట్టూ తిరుగుతుంటాయి. రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా మా గేటు దగ్గరికే వస్తాయి. వాటిలో కొన్ని చుక్కల గీతలు. అంటే "ప్రతిపాదిత". తెలుగులో ఇంత లాభసాటి మాట ఇంకోటి లేదు. రీజినల్ రింగు రోడ్డు ఎటు పోతుందో తేలకముందే మా ఆర్టిస్టు కంప్యూటర్‌లో అది ఎన్ని వెంచర్ల పక్కనుంచి పోయిందో లెక్కలేదు.

2014లో ఆంధ్రప్రదేశ్ రాజధాని ఎక్కడో తేలక ముందు నూజివీడు, ఆగిరిపల్లి వైపు గాలి వీచింది. అటువైపు బ్రోచర్లు రాశాం. గాలి తుళ్లూరు వైపు తిరిగింది, మేమూ తిరిగాం. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో "రాజధానికి కూతవేటు దూరంలో" అని ఎన్నిసార్లు రాశానో! ఆ కూత వెయ్యాలంటే కృష్ణ దాటి, రెండు మండలాలు దాటి వినపడేంత గొంతు కావాలి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చేసరికి ఆ బ్రోచర్లు గోడౌన్‌లో కట్టలు కట్టలుగా ఉండిపోయాయి. 2024లో గాలి మళ్లీ అమరావతి వైపు తిరిగింది, నాకు మళ్లీ పిలుపొచ్చింది. పాత ఫైలు తెరిచి సంవత్సరం ఒక్కటే మార్చాను. ఇంకేం మార్చక్కర్లేకపోయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు రానివీ రాశాను. "పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుట్" అని రాసిన చెయ్యి ఇది. లేఅవుట్‌కి సరైన అనుమతి ఇచ్చేది హెచ్ఎండీఏ, డీటీసీపీ, సీఆర్డీఏ లాంటి సంస్థలు. సర్పంచి సంతకంతో లేఅవుట్ అయిపోదు. కొనేవాళ్లకి ఆ సంగతి తెలియదు, చెప్పాల్సిన బాధ్యత నాదని నేననుకోలేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్లని క్రమబద్ధీకరించుకోమని ఎల్ఆర్ఎస్ తెస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ అంకె పేపర్లో చదివిన రోజు, ఇందులో నా అక్షరాలు చూసి కొన్నవాళ్లు ఎందరున్నారో అని చాలాసేపు టీ తాగకుండా కూర్చున్నాను.

"లేక్ వ్యూ" అనేది ఇంకోటి. చెరువు కనిపించేంత దగ్గరంటే చెరువుకి మనమూ కనిపిస్తాం. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఆగే గీత. హైదరాబాద్ వైపు నిబంధన ప్రకారం పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. దాన్ని బఫర్ జోన్ అంటారు. ఎండాకాలంలో ఫొటో తీస్తే ఎఫ్‌టీఎల్ గీత కనిపించదు, పచ్చగడ్డి కనిపిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో పడవలు తిరిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చింది. నీళ్లు బ్రోచర్ చదవవు. వాటి దారి వాటికి గుర్తుంటుంది.

ఒక ఆదివారం సైట్ విజిట్ గురించి చెప్పాలి. ఏసీ బస్సులో పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయల్దేరదీశారు. ఇడ్లీ ఉప్మా పెట్టారు. మధ్యాహ్నం బిర్యానీ ఉందని బస్సు కదలకముందే చెప్పేశారు. సైటు దగ్గర షామియానా కింద పెద్ద లేఅవుట్ ప్లాను నిలబెట్టి ఉంది. దాని మీద సగం ప్లాట్లకి ఎర్ర స్టిక్కర్లు. "అయిపోయాయండీ, తూర్పు ఫేసింగ్‌వి మూడే మిగిలాయి, కార్నర్ బిట్ ఒకటే ఉంది" అని ఏజెంటు కుర్రాడు హడావుడి పడుతున్నాడు. వాడి చొక్కా జేబులో ఎర్ర స్టిక్కర్ల షీటు కొస బయటికి కనిపిస్తోంది. ముందురోజు రాత్రి వాడు, నేను కలిసే ఆ స్టిక్కర్లు అంటించాం. ఏవి అంటించాలో అడిగితే, "ముగ్గు వేసినట్టు అక్కడక్కడా వెయ్యి బావా, ఒక్క చోట కుప్పగా వేస్తే నమ్మరు" అన్నాడు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచరు ఏదైనా రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదు, బుకింగు తీసుకోకూడదు, అసలు ప్రకటనే ఇవ్వకూడదు. "ప్రీలాంచ్ ఆఫర్" అన్నదాన్ని ఈ చట్టం ముందు పెట్టి చూడండి. నమోదు కాకముందే అమ్మడమే దాని అర్థం, చట్టం వద్దన్నదీ సరిగ్గా అదే. నమోదు తప్పించుకుంటే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా పడొచ్చు.

ఇంతకీ ఆ ఎర్ర స్టిక్కర్ల సంగతి. ఎన్ని ప్లాట్లు బుక్కయ్యాయో ప్రతి మూడు నెలలకీ రెరా వెబ్‌సైటులో పెట్టాలని అదే చట్టం చెబుతోంది. అంటే షామియానా కింద ఎన్ని స్టిక్కర్లున్నాయో లెక్కపెట్టి, అదే నిమిషంలో ఫోన్‌లో పి నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు. బిర్యానీ వచ్చేలోపు అయిపోయే పని. ఇన్నేళ్లలో నా కళ్లముందు ఆ పని చేసినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులే.

నన్ను భయపెట్టింది మాత్రం పన్నెండో సెక్షను. ప్రకటన చూసి, బ్రోచర్ చదివి, నమూనా ఫ్లాటు చూసి డబ్బు కట్టినవాళ్లు అందులోని తప్పు మాట వల్ల నష్టపోతే పరిహారం ఇవ్వాలి. మాకొద్దు అని బయటికొస్తే కట్టిన మొత్తం వడ్డీతో తిరిగివ్వాలి. ప్రకటన అంటే ఏ రూపంలో, ఏ మాధ్యమంలో వచ్చినా ప్రకటనే. అంటే నేను సరదాకి రాసిన "క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్" రేపు సాక్ష్యం కాగితం. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఇది ఆర్టిస్టు ఊహ మాత్రమే" అని వేస్తాం. దానితో బయటపడిపోతామని మా ఓనర్ల ధీమా. కొన్నవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే. ఇల్లు కట్టి గృహప్రవేశం అయిపోయినా సరే, బ్రోచర్ పారెయ్యకండి. సేల్‌డీడ్ ఉన్న బీరువాలోనే పెట్టండి. అడ్వాన్సు అంటారా, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఏజెంట్లు కూడా రెరాలో నమోదు కావాలి. వాళ్లు నోటిమాటగా చెప్పిన అబద్ధానికీ చట్టం ఉంది, తప్పు సాగినన్ని రోజులూ రోజుకి పదివేల రూపాయల జరిమానా. హోర్డింగు మీద చెయ్యి ఊపే సినిమా హీరోకైనా మినహాయింపు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, ముందు విచారించుకోకుండా తప్పుడు ప్రకటనలో కనిపిస్తే పది లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రకటనల్లో నటించకుండా నిషేధం.

చట్టం సంగతి అలా ఉంచండి. నాకు ఈ వృత్తిలో పాఠం చెప్పింది చట్టం కాదు, నందిగామలో ఒక బ్రోకరు. వయసు డెబ్బై దాటింది. హైవేకి కాస్త లోపల, ఎరువుల కొట్టు పక్కన చిన్న గది. బోర్డు లేదు, కార్డు లేదు. మా కంపెనీ అటువైపు వెంచరు వేస్తుంటే, ఆ చుట్టుపక్కల ఎవరెవరు కొంటారో కనుక్కుందామని వెళ్లాను. టేబుల్ మీద పొడుగాటి రూళ్ల పుస్తకం ఉంది, పిల్లలు లెక్కలు చేసేలాంటిది. ఒక్కో స్థలానికి ఒక్కో పేజీ. సర్వే నంబరు, హద్దులు, లింకు డాక్యుమెంట్లు ఎంతవరకు ఉన్నాయి, ఈసీలో, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రంలో, ఏం కనిపిస్తోంది. అక్కడితో ఆగలేదు. "బోరు నీళ్లు ఉప్పన." "మధ్యాహ్నం రెండు తర్వాత బస్సు లేదు." "ముగ్గురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు, చెల్లెలు సంతకం ఇంకా పెట్టలేదు." చెల్లెలు అన్న మాట కింద రెండు గీతలు. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా మన దగ్గర 1985 నుంచే ఉంది, దేశానికి ఇరవై ఏళ్ల ముందే. అయినా అమ్మేటప్పుడు అన్నదమ్ములు మరిచిపోయేది ఆ ఒక్క సంతకాన్నే అని ఆయన అన్నాడు.

ఇంకో పేజీలో తేదీ వేసి ఉంది. 2023 జులై. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయిన వారం. ఆ వానల్లో ఈయన మోపెడ్ వేసుకుని తను అమ్మాల్సిన స్థలాలన్నీ తిరిగాడట. ఏ బిట్టులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కర్ర దించి చూసి రాసుకున్నాడు. "మోకాలి దాకా, రెండు రోజులు." "తడవలేదు." అంతే.

నేనుండగానే ఒక రిటైర్డ్ మాస్టారూ, ఆయన భార్యా వచ్చారు. ఈయన పుస్తకం వాళ్లవైపు తిప్పాడు.

"మాస్టారూ, ఈ బిట్టు తూర్పు ఫేసింగే, టైటిల్ నికార్సుగా ఉంది. కాకపోతే నల్లరేగడి. వానకి ఉబ్బుద్ది, ఎండకి బీటలిస్తది. మామూలు పునాది వేస్తే గోడలు పగుల్తయ్. లోతుకి పోవాలి. ఆ ఖర్చు ఎంతో మీ మేస్త్రిని ముందు అడిగి, అప్పుడు నాకు బేరం చెప్పండి."

మాస్టారు భార్యవైపు చూశారు. ఆమె, "మీకు నష్టం కదండీ అన్నయ్యగారూ, ఇవన్నీ చెబితే?" అంది.

ఆయన నవ్వి, "అమ్మా, అమ్మేశాక ఆ ఇంటి ముందునుంచే నేను రోజూ పాలకి పోవాలి" అన్నాడు.

వాళ్లు ఆ స్థలం కొనలేదు. కొన్ని నెలల తర్వాత ఆయన దగ్గరే ఇంకోటి కొన్నారు. మాస్టారి వియ్యంకుడూ కొన్నాడు. వచ్చినవాళ్లంతా ఎవరో ఒకరు చెప్పి పంపితే వచ్చినవాళ్లే తప్ప, ఏ ప్రకటనా చూసి వచ్చినవాళ్లు కాదు. లక్షలు పోసి మేం హోర్డింగులు కట్టేది ఆ మనుషుల కోసమే. మా కంపెనీకీ ఆయనకీ తేడా ఎక్కడుందో అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది. మేం ఆఖరి ప్లాటు అమ్మగానే షామియానా విప్పుకుని ఇంకో ఊరు పోతాం. ఆయన పాలకి ఆ దారినే పోవాలి.

తిరిగొచ్చాక నాకో పిచ్చి పట్టింది. ప్రతి బ్రోచర్‌లో ఒక పేజీ ఆ పుస్తకంలో లాగా రాయాలి. ఏముందో చెప్పినట్టే ఏం లేదో కూడా చెప్పాలి. చాలామంది ఓనర్లు నవ్వారు. "నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు, ప్లాటు అమ్మడానికి నూటొకటి ఆడాలయ్యా" అన్నాడొకాయన. షాద్‌నగర్ అవతల చిన్న వెంచరు వేస్తున్న ఒకాయన మాత్రం సరేనన్నాడు. కొత్తవాడు, పేరు తెచ్చుకోవాలన్న ఆశ ఉంది.

మేమిద్దరం ఆ పేజీ రాయడానికి రెండు రోజులు ఆ ఊళ్లో తిరిగాం. బస్‌స్టాపుకి ఎంత దూరమో బండి మీటరు చూసి కిలోమీటర్లలో వేశాం. ఎన్ని అడుగులకి నీళ్లు పడ్డాయో చుట్టుపక్కల బోర్ల వాళ్లని అడిగి రాశాం. ఇంతకుముందు ఆ భూమి ఎవరిది, ఏ పంట పండేది, ఫైనల్ లేఅవుట్ వచ్చిందా రాలేదా, పనులు పూర్తయ్యేదాకా అనుమతిచ్చిన సంస్థకి తనఖా పెట్టిన ప్లాట్లు ఏవి, అన్నీ రాశాం. వీధి దీపాలు ఇంకా రాలేదని రాశాం. రాస్తుంటే నాకే కొత్తగా ఉంది. విశేషణం ఒక్కటీ పడలేదు.

ప్రూఫు పట్టుకెళ్తే ఓనరు గారు తలూపుతూ చదివారు. ఒక్క వాక్యం దగ్గర పెన్ను ఆగింది. "ఉత్తరం వైపు రెండు వందల గజాల అవతల ఊరి శ్మశానం ఉంది."

"ఇదొక్కటి తీసేద్దాం సార్. వాస్తు, అదీ ఇదీ అంటారు. అక్కడ అశోక చెట్లు వేయిస్తున్నా, రెండేళ్లలో కనిపించదు."

తీసేశాను. మిగతా పేజీ అంతా ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ బ్రోచర్‌కి ఫోన్లు తక్కువ వచ్చాయి, అబద్ధమెందుకు. కాకపోతే వచ్చినవాళ్లు బిర్యానీకి వచ్చినవాళ్లు కాదు. ఆ పేజీ చేత్తో పట్టుకుని, ఒక్కో వాక్యం పక్కన టిక్కు పెట్టుకుంటూ సైటంతా తిరిగారు. మహబూబ్‌నగర్ నుంచి ఒక పెద్దామె కొడుకుతో వచ్చింది. బోరు దగ్గర ఆగింది, నీళ్లు దోసిట్లో పట్టి తాగి చూసింది. కొడుకు అడ్వాన్సు చెక్కు రాయడానికి కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా పేజీ పనిచేసిందని మనసులో పొంగిపోతున్నాను.

అప్పుడు ఊరివైపు నుంచి డప్పులు వినిపించాయి. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. మోకాలెత్తు అశోక మొక్కల మీదుగా పాడె కనిపించింది, పూలు చల్లుతూ జనం ఉత్తరం వైపు మళ్లారు. షామియానా కింద ఎవరూ మాట్లాడలేదు. ఓనరు గారు ఫోన్ చెవిన పెట్టుకుని కారు వైపు నడిచారు.

పెద్దామె ఆ ఊరేగింపుకి దణ్ణం పెట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"గిది కాగితంల లేదేంది బిడ్డా?"

నేనేదో గొణిగాను.

"ఊరన్నంక బొందలగడ్డ ఉండదా? దానికేమాయె. ముందుగాల చెప్తే నేనేమన్న వద్దంటినా?" అంటూ కొడుకు చేతిలోంచి చెక్కుబుక్కు తీసి సంచిలో పెట్టుకుంది. కాగితం నా చేతిలో పెట్టి, తన కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. ఇంక ఏమేం రాయలేదు?"